జీ లీగా, జర్మనీయా? ముందు కాగితం మీద ఏముందో చూడండి

డాలస్ శివార్లలో ఉంటున్న ఒక తల్లి జూలై మధ్యలో పెద్ద ఉత్తరమే రాశారు. క్లుప్తంగా విషయం ఇది. కొడుకుకి 23 ఏళ్ళు, అమెరికాలోనే పుట్టాడు. ఎత్తు ఆరడుగుల నాలుగంగుళాలు, బాస్కెట్‌బాల్‌లో గార్డ్, అంటే బంతి నడిపించే ఆటగాడు. కాలేజీ ఆటలో పై స్థాయైన డివిజన్ వన్‌లోనే అయినా పెద్ద పేరు లేని కాన్ఫరెన్సులో (కాలేజీల గుంపులో) నాలుగేళ్ళు ఆడి, మే నెలలో కంప్యూటర్ సైన్సు డిగ్రీ పూర్తి చేశాడు. చివరి ఏడాది మ్యాచ్‌కి సగటున 14 పాయింట్లు, మూడు పాయింట్ల షాట్లలో 38 శాతం. అంతకు ముందు ఏడాది ఎడమ మోకాలి మెనిస్కస్‌కి ఆపరేషన్ జరిగింది. అమెరికా పెద్ద లీగ్ ఎన్‌బీఏ జట్లు ఏటా కొత్త కుర్రాళ్ళని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో పేరు రాలేదు.

ఇప్పుడు జర్మనీ రెండో డివిజన్ ప్రో-ఏ నుంచి ఒక క్లబ్ రాతపూర్వకంగా ఆఫర్ పంపింది. ఆగస్టు నుంచి మే దాకా పది నెలలు, నెలకు పన్నులు పోగా 2,600 యూరోలు, అపార్ట్‌మెంటు, చిన్న కారు, రానూ పోనూ టికెట్లు. జవాబుకి 72 గంటలు గడువు. ఏజెంటేమో ఫోన్‌లో “ఆగండి, ఏదో ఒక ఎన్‌బీఏ జట్టు నుంచి ఎగ్జిబిట్ 10 ఇప్పిస్తాను, లేకపోతే జీ లీగ్ ఎలాగూ ఉంది” అంటున్నాడు. కొడుక్కి ఎన్‌బీఏకి దగ్గర్లో ఉండాలని ఆశ. తండ్రి మాత్రం, జనవరి దాకా ఆగుతామన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరితే మేలంటున్నారు. యూరప్ క్లబ్బులు జీతాలు ఎగ్గొడతాయని బంధువులెవరో ఆమెను భయపెట్టారు. చివర్లో ఆమె అడిగిన ప్రశ్న: “ఈ రెండిట్లో ఏది పై మెట్టు?”

అమ్మా, మీ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను, ఎందుకంటే చిక్కంతా అందులోనే ఉంది. ఈ రెండూ ఒకే నిచ్చెనకు ఉన్న మెట్లు కావు. జీ లీగ్ ఎన్‌బీఏ వాళ్ళు తమ అవసరానికి నడుపుకునే లీగ్. 2001లో మొదలైంది, 2005 నుంచి డీ లీగ్ అన్నారు, 2017లో జీ లీగ్ అయింది. అక్కడ కుర్రాడికి జీతం ఇచ్చేది కంటికెదురుగా ఉన్నందుకు, పిలిస్తే మర్నాటికల్లా వచ్చి వాలగలిగినందుకు. జర్మన్ క్లబ్ జీతం ఇచ్చేది శనివారం మ్యాచ్ గెలిపించినందుకు. మీ వాడు ఏ పనికి సిద్ధంగా ఉన్నాడు, ఏ పనికి అతన్ని పిలుస్తున్నారు అన్నదే అసలు ప్రశ్న.

ఏజెంటు మాట సంగతి ముందు తేల్చుకుందాం. ఎగ్జిబిట్ 10 అంటే ఎన్‌బీఏ జట్టుతో ఏడాదికి కనీస వేతనం మీద చేసుకునే ఒప్పందం. దానికి గ్యారంటీ ఉండదు. సంతకం పెట్టిన కుర్రాడు సెప్టెంబరు చివర్లో ఎన్‌బీఏ క్యాంపుకి వెళ్తాడు, అక్టోబరు మధ్యలో చాలామందిని తీసేస్తారు. తీసేశాక అదే సంస్థ తాలూకు జీ లీగ్ జట్టుకి వెళ్ళి కనీసం 60 రోజులు ఉంటే బోనస్ వస్తుంది. ఆ బోనస్ 5,000 డాలర్ల నుంచి మొదలై, 2024-25లో గరిష్ఠంగా 77,500 దాకా ఉంది. ఎంతన్నది ఒప్పందంలోనే రాసి ఉంటుంది. 60 రోజులు నిండకముందే విదేశానికి పోతే ఆ బోనస్ పోయినట్టే. ఎగ్జిబిట్ 10ని టూ-వే ఒప్పందంగా మార్చే వీలు కూడా జట్టుకి ఉంటుంది. టూ-వే అంటే ఇటు జీ లీగ్‌లోనూ, అటు గరిష్ఠంగా 50 ఎన్‌బీఏ మ్యాచ్‌ల్లోనూ ఆడించుకునే ఏర్పాటు. 2024-25లో దాని జీతం 5,78,577 డాలర్లు. జట్టుకి మూడు చొప్పున 30 జట్లకి 90 చోట్లు ఉన్నాయి. మొత్తం ప్రపంచానికీ అంతే.

కాబట్టి నిజమైన ఎగ్జిబిట్ 10 చేతికొస్తే అది చిన్న విషయం కాదు. కానీ మీ ఉత్తరం రెండుసార్లు చదివినా జట్టు పేరు ఎక్కడా కనబడలేదు. బోనస్ ఎంతో లేదు, ఫోన్ చేసిన ఎన్‌బీఏ మనిషి ఎవరో లేదు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది ఆ హామీ. ఏజెంటు మోసగాడని నేను అనను. జూలైలో ప్రతి ఏజెంటూ నలుగురైదుగురు జనరల్ మేనేజర్లకి ఫోన్ చేస్తాడు, “చూద్దాం” అన్న జవాబుని “ఇస్తారు” అని ఇంటికి చేరవేస్తాడు. మీరు అడగాల్సినవి మూడే. ఏ జట్టు? బోనస్ ఎంత? మెయిల్‌లో ఎప్పటికి రాసి ఇస్తారు? ఈ మూడింటికీ జవాబు లేకపోతే, మీ ముందున్న రెండో దారి ఎగ్జిబిట్ 10 కాదు, ఉత్త జీ లీగ్. ఆ రెంటికీ చాలా తేడా ఉంది.

ఉత్త జీ లీగ్ ఎలా ఉంటుందో చెబుతాను. ఆటగాడు ఒప్పందం చేసుకునేది జట్టుతో కాదు, లీగ్‌తో. తర్వాత అక్టోబరు చివర్లో డ్రాఫ్ట్ జరుగుతుంది, లేకపోతే జట్లు ఫీజు తీసుకుని పెట్టే స్థానిక ట్రైఔట్ల (ఎంపిక పరీక్షల) నుంచి ఒకరిద్దర్ని క్యాంపుకి పిలుస్తారు. డ్రాఫ్ట్‌లో పేరు పిలిచారంటే క్యాంపుకి పిలుపు వచ్చిందనే అర్థం, జట్టులో చోటు దొరికిందని కాదు. ఆ క్యాంపులో మీ వాడి ముందు టూ-వే వాళ్ళు ముగ్గురుంటారు. వాళ్ళ వెనక ఎగ్జిబిట్ 10 తో వచ్చినవాళ్ళు, ఆ జట్టుకి హక్కులున్న పాత ఆటగాళ్ళు ఉంటారు. సీజన్ మొదలయ్యాక ఎన్‌బీఏ నుంచి కిందికి పంపే, డ్రాఫ్ట్ మొదటి రౌండ్‌లో ఎంపికైన కుర్రాళ్ళు కూడా వచ్చి నిమిషాలు పంచుకుంటారు. మిగిలే చోట్లు వేళ్ళ మీద లెక్కపెట్టుకోవచ్చు. ఆ మిగిలిన చోట్లలో కూడా ఆరడుగుల నాలుగంగుళాల గార్డులే ఎక్కువగా పోటీ పడతారు.

ఇక్కడ క్యాలెండర్ చాలా ముఖ్యం. యూరప్ క్లబ్బులు ఆగస్టు కల్లా జట్లు నింపేసుకుంటాయి. జీ లీగ్ క్యాంపులో తీసేసేది నవంబరు మొదట్లో. అప్పటికి అక్కడ మిగిలేవి ఎవరికైనా గాయమైతే వచ్చే ఖాళీలే, అవీ నెలకో రెణ్ణెల్లకో రాసే ఒప్పందాలు. ప్రో-ఏ ఆఫర్ వదులుకుని, జీ లీగ్ క్యాంపులో నిలవకపోతే రెంటికీ చెడ్డ రేవడి అయ్యేది ఇలాగే. చేరాల్సిన తేదీ అప్పటికి దగ్గరపడుతుంది కాబట్టి మీవారు చెబుతున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగమే దిక్కవుతుంది, అదీ ఇష్టంతో కాదు.

డబ్బు సంగతి. చాలామంది యూరప్ అంటే డబ్బు, జీ లీగ్ అంటే పస్తు అనుకుంటారు. మీ వాడి స్థాయిలో మొదటి ఏడాదికి అది నిజం కాదు. 2024-25లో జీ లీగ్ మామూలు జీతం సీజన్‌కి 43,000 డాలర్లు. వసతి, ఆరోగ్య బీమా జట్టు చూసుకుంటుంది. ఫెడరల్ పన్ను, సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పోగా చేతికి 36,000 చిల్లర మిగులుతుంది. టెక్సస్‌లో ఆదాయపు పన్ను లేకపోయినా, పన్ను ఉన్న రాష్ట్రాల్లో ఆడితే అక్కడి వాటా కట్టాలి, కాబట్టి ఇంకాస్త తగ్గుతుంది. ఇదంతా నవంబరు నుంచి మార్చి చివరి దాకా, అయిదు నెలల పనికి. జర్మనీలో 26,000 యూరోలు, అంటే 30,000 డాలర్లు అటూ ఇటూగా, పది నెలల పనికి. లెక్క చూస్తే జీ లీగే మెరుగు. అయితే ఆ 43,000 సీజన్ మొత్తం జట్టులో ఉన్నవాడికి. జనవరిలో తీసేస్తే జీతం అక్కడితో ఆగిపోతుంది. జర్మనీ 26,000 మాత్రం, ఒప్పందం సరిగ్గా రాయిస్తే, అతను బెంచీ మీద కూర్చున్నా వస్తుంది.

పైగా రెండో ఏడాది నుంచి దారులు విడిపోతాయి. జీ లీగ్ జీతం అందరికీ ఒకటే. మ్యాచ్‌కి 25 పాయింట్లు చేసినా, ఎన్‌బీఏ పిలుపు రాకపోతే మరుసటి ఏడాది కూడా దాదాపు అంతే. పిలుపు వస్తే మాత్రం పది రోజుల ఒప్పందానికే కొత్త ఆటగాడికి 2024-25లో దాదాపు 66,500 డాలర్లు, సీజన్ మొత్తం జీ లీగ్ జీతం కంటే ఎక్కువ. ఆ పది రోజుల ఒప్పందాలు జనవరి 5 నుంచి మొదలవుతాయి. యూరప్‌లో అయితే మంచి సీజన్‌కి మంచి ధర పలుకుతుంది. ప్రో-ఏ లో రాణించినవాడిని పై డివిజన్ బీబీఎల్ చూస్తుంది, ఫ్రాన్స్, ఇటలీ, ఇజ్రాయెల్ చూస్తాయి. ఆ స్థాయికి వెళ్తే జీతం కొన్ని రెట్లు మారుతుంది. యూరప్ పెద్ద క్లబ్బులు ఆడే యూరోలీగ్‌లో పేరున్నవాళ్ళకి ఏడాదికి పది లక్షల యూరోల పైన. మైక్ జేమ్స్ అనే గార్డ్ 2012లో డ్రాఫ్ట్ కాలేదు. క్రొయేషియాలో మొదలుపెట్టి, మధ్యలో ఇటలీ రెండో డివిజన్‌లో కూడా ఆడి, చివరికి యూరోలీగ్ చరిత్రలోనే అందరికంటే ఎక్కువ పాయింట్లు చేసినవాడయ్యాడు. అలాంటివాళ్ళు అరుదే. చెప్పొచ్చిందేమిటంటే, అక్కడ కింది నుంచి పైకి నడిచే దారి తెరిచే ఉంటుంది.

మీ అబ్బాయి దీనికి అలెక్స్ కారూసో పేరు చెబుతాడు, నాకు తెలుసు. టెక్సస్ ఏ అండ్ ఎమ్‌లో చదివి, 2016లో డ్రాఫ్ట్ కాక, ఒక్లహామా సిటీ బ్లూ తరఫున జీ లీగ్‌లో (అప్పటికి డీ లీగ్) ఆడి, 2017లో లేకర్స్‌తో టూ-వే ఒప్పందం చేసుకున్నాడు. 2020లోనూ 2025లోనూ ఛాంపియన్. నిజమే. దానికి ఎదురుగా పీజే టకర్‌ని పెట్టండి. 2006లో డ్రాఫ్ట్ అయి, మొదటి ఏడాదే టొరంటో జట్టులోంచి జారి, ఇజ్రాయెల్, ఉక్రెయిన్, గ్రీస్, ఇటలీ, జర్మనీ తిరిగి, 2012లో ఫీనిక్స్ జట్టుతో ఎన్‌బీఏకి తిరిగొచ్చాడు. 2021లో మిల్వాకీతో టైటిల్ గెలిచాడు. ఆ రెండు పేర్లూ దేన్నీ తేల్చవు. విదేశానికి పోతే ఎన్‌బీఏ తలుపు మూసుకుపోతుందన్నది మాత్రం అబద్ధమని తేలుస్తాయి. ఎన్‌బీఏ ఆటగాళ్ళలో దాదాపు సగం మంది జీ లీగ్‌లో ఆడినవాళ్ళేనని లీగ్ గొప్పగా చెప్పుకుంటుంది. ఆ లెక్కలో నాలుగు మ్యాచ్‌ల కోసం కిందికి పంపిన, డ్రాఫ్ట్‌లో మొదట్లోనే ఎంపికైన కుర్రాళ్ళు కూడా ఉన్నారని గుర్తుంచుకోవాలి.

మనవాళ్ళెవరైనా ఈ దారిలో వెళ్ళారా అని కూడా అడిగారు. భారత సంతతి నుంచి ఎన్‌బీఏలో ఆడిన మొదటివాడు సిమ్ భుల్లర్, కెనడాలో పుట్టిన పంజాబీ. రీనో జట్టులో డీ లీగ్ ఆడుతుంటే 2015 ఏప్రిల్‌లో శాక్రమెంటో పిలిచింది. ఆడింది మూడు మ్యాచ్‌లు. తర్వాత తైవాన్‌లో ఏళ్ళ తరబడి ఆడాడు. అదే 2015లో డాలస్ డ్రాఫ్ట్ చేసిన సత్నామ్ సింగ్ మీ పక్క ఊరు ఫ్రిస్కోలోనే టెక్సస్ లెజెండ్స్ అనే డీ లీగ్ జట్టుకి రెండు సీజన్లు ఆడాడు. వాళ్ళిద్దరూ ఏడడుగులు దాటినవాళ్ళు. మీ వాడికి వాళ్ళ దారి వర్తించదు. ఇండియా జట్టుకి ఆడే ఆలోచన కూడా పక్కన పెట్టండి. దానికి ఇండియా పాస్‌పోర్టు కావాలి, మన చట్టంలో రెండు పౌరసత్వాలు కుదరవు, ఓసీఐ కార్డు పనికిరాదు.

ఇక బంధువుల భయం. జీతాలు ఆలస్యం చేసే క్లబ్బులు ఉన్నాయి. ఒకే స్పాన్సరు మీదో, ఊరి మున్సిపాలిటీ సాయం మీదో నడిచే జట్లలో డిసెంబరు దాటాక మొదలవుతుంది ఆ జబ్బు. జర్మనీలో ప్రతి ఏడాదీ క్లబ్ తన బడ్జెట్ చూపించి లీగ్ నుంచి లైసెన్సు తీసుకోవాలి కాబట్టి మిగతా చాలా దేశాల కంటే ప్రమాదం తక్కువ. అయినా కాగితం గట్టిగా ఉండాలి. ఒప్పందంలో వెతకాల్సినవి చెబుతాను, పక్కన పెన్ను పెట్టుకోండి.

అన్నిటికంటే ముందు “బ్యాట్” క్లాజు. జెనీవాలో ఉన్న బాస్కెట్‌బాల్ ఆర్బిట్రల్ ట్రిబ్యునల్ అది, అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫిబా 2007లో పెట్టింది. వివాదం వస్తే అక్కడ ఒకే ఆర్బిట్రేటర్ ఇంగ్లీషులో విచారిస్తాడు. తీర్పు పాటించని క్లబ్‌ని కొత్త ఆటగాళ్ళని నమోదు చేసుకోకుండా ఫిబా ఆపగలదు. ఆ భయానికే చాలా క్లబ్బులు డబ్బు కడతాయి. కానీ ఒప్పందంలో ఆ క్లాజు లేకపోతే బ్యాట్ మీ కేసు ముట్టుకోదు, స్థానిక కోర్టుకి వెళ్ళాలి. పైగా బ్యాట్‌కి వెళ్ళడం ఉచితం కాదు. తిరిగిరాని ఫీజు, ఖర్చులకి అడ్వాన్సు కట్టాలి. క్లబ్ తన వాటా కట్టకపోతే అది కూడా ముందు ఆటగాడే కట్టి, గెలిచాక రాబట్టుకోవాలి. నెలకు 2,600 వచ్చేవాడికి ఒక నెల జీతం కోసం అంతదూరం వెళ్ళడం గిట్టుబాటు కాదు. అందుకే రెండో క్లాజు కావాలి: జీతం ఏ తేదీకి పడాలి, ఆలస్యమైతే రోజుకి ఎంత జరిమానా, ఎన్ని రోజులు దాటితే ఆడటం ఆపేసి మిగిలిన జీతమంతా బాకీగా అడిగే హక్కు వస్తుంది అని. 15 నుంచి 30 రోజుల మధ్య రాయించండి.

తర్వాత గ్యారంటీ. “గ్యారంటీడ్” అన్న మాట ఒక్కటే చాలదు. ఆట బాగాలేదన్న కారణంతోనూ, గాయం వల్లా తీసేయడానికి వీల్లేదని విడివిడిగా రాసి ఉండాలి. ట్రైఔట్ పీరియడ్ అని ఎక్కడైనా ఉంటే ఎన్ని రోజులో చూడండి. 30 రోజులని రాస్తే అది పది నెలల ఒప్పందం కాదు, నెల ఒప్పందం. మెడికల్ పరీక్ష అక్కడికి చేరిన రెండు మూడు రోజుల్లోనే జరగాలి, అది దాటితే ఒప్పందం ఖాయమైనట్టే అని ఉండాలి. మోకాలి సంగతి ఉంది కాబట్టి దీని దగ్గరికి మళ్ళీ వస్తాను. ఇంగ్లీషు, జర్మన్ రెండు ప్రతులు ఉంటే తేడా వచ్చినప్పుడు ఇంగ్లీషుదే చెల్లుతుందని ఒక వాక్యం చేర్పించండి.

వీసా దగ్గర ఒక మెలిక ఉంది, చాలామంది దీన్ని చూసుకోరు. అమెరికా పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు వీసా లేకుండా జర్మనీలో దిగి, అక్కడే నివాస అనుమతికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. కానీ అనుమతి వచ్చేదాకా జీతానికి ఆడకూడదు. వృత్తి క్రీడాకారుడిగా ఆ అనుమతి రావాలంటే స్థూల జీతానికి ఒక కనీస పరిమితి ఉంది, 2025లో నెలకు 4,025 యూరోలు. చేతికి 2,600 రావాలంటే పెళ్ళికాని కుర్రాడికి స్థూల జీతం దాదాపు అంతే అవుతుంది. కాగితం మీద స్థూల జీతం ఎంతో క్లబ్‌ని స్పష్టంగా అడగండి. తక్కువ చూపిస్తే దరఖాస్తు ఆగిపోతుంది, మీ వాడు సెప్టెంబరులో ట్రాక్‌సూట్ వేసుకుని స్టాండ్స్‌లో కూర్చుంటాడు. ఇండియా పాస్‌పోర్టుతో ఉన్న కుర్రాళ్ళ తల్లిదండ్రులు దీన్ని చదువుతుంటే, మీకు ఈ దిగాక చూసుకునే వెసులుబాటు లేదు, కాన్సులేట్‌లో ముందే వీసా తీసుకోవాలి.

పన్ను ఇంకో మెలిక. అమెరికా పౌరుడు ఎక్కడ సంపాదించినా అమెరికాలో రిటర్న్ వేయాల్సిందే. విదేశీ సంపాదనకి మినహాయింపు ఉంది, 2025కి 1,30,000 డాలర్ల దాకా. కానీ దానికి పన్నెండు నెలల్లో 330 పూర్తి రోజులు బయట ఉండాలి. పది నెలలు ఆడి వేసవికి మీ ఇంటికొచ్చే కుర్రాడికి ఆ 330 పూర్తి కావు. అక్కడే స్థిర నివాసమని చూపే రెండో పరీక్షకి జనవరి నుంచి డిసెంబరు దాకా ఒక పూర్తి క్యాలెండర్ సంవత్సరం కావాలి, మొదటి ఏడాది అదీ కుదరదు. అప్పుడు దారి, జర్మనీలో కట్టిన పన్నుని ఫారం 1116తో ఇక్కడ జమ వేసుకోవడం. దానికి క్లబ్ పన్ను కట్టినట్టు ఏడాది చివర ఇచ్చే సర్టిఫికెట్ కావాలి. “నెట్ జీతం కదా, పన్ను సంగతి మేం చూసుకుంటాం” అని నోటిమాటగా అనే క్లబ్బులు ఆ సర్టిఫికెట్ దగ్గర నీళ్ళు నములుతాయి. కాబట్టి అది ఇస్తామని ఒప్పందంలోనే రాయించండి. అక్కడి బ్యాంకు ఖాతాలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు దాటితే విదేశీ ఖాతాల వివరాలిచ్చే ఎఫ్‌బార్ ఫారం కూడా వేయాలి.

ఆట కూడా మారుతుంది. ఇది మీకంటే మీ అబ్బాయికి, తెలుగు చదవడం రాకపోతే వినిపించండి. ఫిబా మ్యాచ్ 40 నిమిషాలు, జీ లీగ్‌లో 48. ఫిబాలో మూడు పాయింట్ల గీత 6.75 మీటర్ల దగ్గర ఉంటుంది, అతను కాలేజీలో పెట్టిన 38 శాతం దాదాపు అదే దూరం నుంచి. జీ లీగ్‌లో పైభాగంలో 7.24 మీటర్లు. ఆ అర మీటరు తేడాకే కొందరి శాతం కూలిపోతుంది. డిఫెన్స్ ఆటగాడు బుట్ట ముందు ఊరికే మూడు సెకన్లకి మించి నిలబడకూడదన్న నియమం ఫిబాలో లేదు కాబట్టి పొడగరి ఆటగాడు బుట్ట కిందే పాతుకుపోతాడు, లోపలికి దూసుకెళ్ళే గార్డ్‌కి దారి ఉండదు. అయిదో ఫౌల్‌కే బయటికి. ప్రో-ఏ లో వారానికి ఒకటి రెండు మ్యాచ్‌లు, మిగతా రోజుల్లో తరచూ పూటకో ప్రాక్టీసు. జీ లీగ్‌లో అయిదు నెలల్లో 50 మ్యాచ్‌లు, తెల్లవారుజామున మామూలు విమానాల్లో ప్రయాణం, ప్రాక్టీసుకి సమయమే ఉండదు. ఆపరేషన్ అయిన మోకాలికి ఏది నయమో అతని సర్జన్ని అడగండి. ఇక విదేశీ ఆటగాడిగా వెళ్ళినవాడి నుంచి మొదటి మ్యాచ్ నుంచే పాయింట్లు ఆశిస్తారు. నాలుగు మ్యాచ్‌లు వరసగా ఓడితే కోచ్ చూపు ముందు విదేశీ ఆటగాళ్ళ మీదికే పోతుంది. మీ వాడు కాలేజీలో జట్టుకి మొదటి స్కోరర్‌గా ఆడాడు కాబట్టి ఆ బరువు కొత్తేమీ కాదు.

మీవారి మాటని నేను తోసిపుచ్చను. కంపెనీ జనవరి దాకా ఆగుతానంది కదా, జూన్‌కి వాయిదా వేయమని ఇప్పుడే మెయిల్ పెట్టించండి. ఒప్పుకుంటే జర్మనీ సీజన్ మేలో అయిపోతుంది, ఉద్యోగం చేతిలోనే ఉంటుంది. ఒప్పుకోకపోతే, ఒక ఏడాది ఆటకి ఆ ఆఫర్‌ని వదులుకోవడం సరేనా అన్నది మీ ఇంట్లో ముగ్గురూ కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం. ప్రోగ్రామింగ్ ఉద్యోగం 25 ఏళ్ళకైనా దొరుకుతుంది, మార్కెట్ ఇప్పుడున్నంత బాగా లేకపోవచ్చు, అంతే. బాస్కెట్‌బాల్‌లో మాత్రం కాలేజీ తర్వాత ఒక ఏడాది ఖాళీ పడితే ఏ క్లబ్బూ పాత వీడియో చూడదు.

నా అభిప్రాయం దాచను. ఈ 72 గంటల్లో జట్టు పేరు, 50,000 డాలర్లకి తగ్గని బోనస్ రాసి ఉన్న ఎగ్జిబిట్ 10 మెయిల్‌లో వస్తే, ఒక ఏడాది ఇక్కడే ఉండటంలో అర్థం ఉంది. బోనస్ 5,000, 10,000 అయితే, అది ఆ జట్టు మీ వాడిని క్యాంపులో మనుషుల లెక్క నింపడానికి పిలుస్తోందన్న మాట. ఏమీ రాకపోతే నేనైతే జర్మనీ వైపే మొగ్గుతాను. వచ్చే మే దాకా వారం వారం ఆడిన వీడియో అతని దగ్గర ఉంటుంది. సీజన్ అయ్యాక కెనడాలో సీఈబీఎల్ అనే లీగ్ మే నుంచి ఆగస్టు దాకా జరుగుతుంది, ఇంటికి దగ్గరగా ఇంకో రెండు నెలలు ఆడి, వచ్చే అక్టోబరులో జీ లీగ్‌కి రావచ్చు. దీనికి తిరగేసిన దారి కూడా ఉంది. జీ లీగ్ మార్చిలో అయ్యాక ప్యూర్టో రికోకో, న్యూజీలాండ్‌కో వెళ్ళి వేసవంతా ఆడేవాళ్ళు చాలామంది. జీ లీగ్‌లో చోటు ఖాయమైనవాడికి అది మంచి జోడీ. కాకపోతే సీజన్ మధ్యలో జీ లీగ్ వదిలి విదేశానికి పోవాలంటే లీగ్‌కి బైఔట్ (ఒప్పందం నుంచి విడిపించుకునే) సొమ్ము కట్టాలి, ఆ జట్టు హక్కులు రెండు సీజన్ల దాకా అతని మీద ఉంటాయి.

రెండు దారుల్నీ కొంతవరకు కలిపి ఉంచే ఉపాయం ఒకటుంది. క్లబ్‌కి రేపు పొద్దున జవాబు రాసేటప్పుడు ఎన్‌బీఏ అవుట్ క్లాజు అడగండి. సెప్టెంబరు మొదటి వారం లోపు ఎన్‌బీఏ ఒప్పందం వస్తే ఇంత సొమ్ము కట్టి వెళ్ళిపోవచ్చు అని. సొమ్ము ఒక నెల జీతం దగ్గర బేరం మొదలుపెట్టండి. మాట దగ్గర జాగ్రత్త: ఉత్తగా “ఎన్‌బీఏ ఒప్పందం” అని రాస్తే, గ్యారంటీ లేని ఎగ్జిబిట్ 10 అందులోకి రాదని క్లబ్ వాదించగలదు. “ఎగ్జిబిట్ 10, టూ-వేలతో సహా” అని రాయించండి. క్లబ్ ఆగస్టు 15 కంటే ఆలస్యం కుదరదంటే ఒప్పేసుకోండి, ఆ తర్వాత వాళ్ళకీ మనిషి దొరకడు. ఏజెంటుకి ఫిబా లైసెన్సు ఉందో లేదో, ఈ ఒప్పందంలో క్లబ్ నుంచి ఆయనకి ఎంత వస్తుందో కూడా అడగండి. యూరప్‌లో ఏజెంటు కమిషన్, మామూలుగా పది శాతం, క్లబ్బే ఇస్తుంది. మీ దగ్గర ఇంకో పది శాతం అడిగితే ఆయన రెండు చేతులా తీసుకుంటున్నాడని అర్థం.

చివరిగా ఆ మోకాలు. ఆపరేషన్ సంగతి దాచమని ఎవరు చెప్పినా వినకండి. దాస్తే, తర్వాత అదే మోకాలు వాచినప్పుడు ఒప్పందం రద్దు చేయడానికి క్లబ్ చేతికి మీరే ఆయుధం ఇచ్చినట్టు. సంతకానికి ముందే సర్జరీ నోట్సు, ఆపరేషన్ తర్వాత తీసిన ఎమ్మారై, ఆడటానికి అనుమతిచ్చిన లేఖ క్లబ్ డాక్టర్‌కి మెయిల్ చేయండి. పంపినట్టు ఒప్పందంలో ఒక వాక్యం రాయించండి. జర్మనీలో జీతానికి ఆడేవాళ్ళకి పనిలో జరిగే గాయాలకి వీబీజీ అనే చట్టబద్ధమైన బీమా ఉంది, చికిత్స, పునరావాసం అందులోకి వస్తాయి. పాత గాయం తిరగబెట్టిందా, కొత్తదా అన్న తగువు వస్తే అక్కడ తేల్చేది మీరు పంపిన ఆ పాత ఎమ్మారైనే. ఆ ఎమ్మారై బొమ్మలున్న కాపీ ఒకటి అతని హ్యాండ్ బ్యాగులో పెట్టండి, చెకిన్ పెట్టెలో ఆవకాయ సీసా పక్కన వద్దు. అన్నట్టు, జర్మనీలో ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి. పెరుగూ బియ్యం శనివారం మ్యాచ్‌కి ముందే తెచ్చుకోమని చెప్పండి.